జేజికి మందు పూత రాడ్ కోసం ఆపరేషన్ ఆపొద్దు

తమ్ముడూ, ప్రొద్దుటూరులో మీ జేజి బాత్రూంలో జారిపడి తుంటి విరిగిందని, ఎముకలు గుల్లబారినాయి కాబట్టి మందు పూసిన టైటానియం రాడ్ దొరికేదాకా ఆగాలా అని అడిగినావు కదా, దయచేసి ఆగొద్దు. ఈ వయసులో మంచానికి అతుక్కుంటే న్యుమోనియా, వీపు మీద పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు, అవే ప్రాణం మీదికి తెస్తాయి.

ఆ పూత సంగతేందంటే, టైటానియం మీద హైడ్రాక్సీఅపటైట్ అని మన ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే పల్చగా పూసి దానికి జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందు పట్టిస్తారు, అది మెల్లమెల్లగా వదులుతా రాడ్‌ను పట్టి ఉంచే స్క్రూ చుట్టూ ఎముకను తినే కణాలను అణుస్తాది, స్క్రూ లూజు కాకుండా ఉంటుందని ఆశ. చానా మంచి ఆలోచన, కానీ ఎక్కువగా ఇంకా పరిశోధనలోనే ఉంది.

అదే మందు సెలైన్‌లో ఏడాదికోసారి 5 మిల్లీగ్రాములు ఎక్కిస్తారు, మామూలుగా ఆపరేషన్ అయిన రెండు వారాల తర్వాత. డాక్టర్ని ఇది గట్టిగా అడుగు. ఆ సెలైన్ ఎక్కించే ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పేది), కాల్షియం, విటమిన్ డి టెస్టులు చేయించు, పన్ను పీకించేది ఉంటే ముందే చెప్పు.

ఇంకోటి, బాత్రూంలో నున్నటి కడప బండలే కదా, తడిస్తే పాదం నిలవదు, జేజి ఇంటికొచ్చేలోపు గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించు.