హాస్పిటల్ బిల్డింగ్ ఖర్చుల మీద ప్రాజెక్ట్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

మీరు అడిగింది ఇదండీ: అమ్మాయి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది, ప్రాజెక్టుకి హాస్పిటల్ బిల్డింగుల నిర్వహణ ఖర్చుల మోడలింగ్ తీసుకుంది, క్లాసులో మిగతావాళ్ళంతా బ్యాంకు డేటా, షేర్ల డేటా పట్టుకుంటే ఈమెది కరెంటు బిల్లులు కూడుకునే పనిలా ఉంది, టాపిక్ మార్పించమంటారా అని. వద్దండీ, దయచేసి మార్పించకండి.

ఆఫీసు బిల్డింగ్ అయితే సాయంత్రం ఏసీ ఆపి తాళం వేసుకుని పోతారు, హాస్పిటల్లో ఆ మాటే లేదు. ఆపరేషన్ థియేటర్లో గాలి గంటకి 20 సార్లు మారేలా డిజైన్ చేస్తారు, అంటే ఆ రోజు రెండు ఆపరేషన్లు జరిగినా పది జరిగినా ఆ ఫ్యాన్ల ఖర్చు పెద్దగా మారదు, అదే లాండ్రీ ఖర్చు చూడండి, పేషెంట్లు పెరిగేకొద్దీ పెరుగుతూనే పోతుంది. ఏ ఖర్చు దేనితో కదులుతుందో, ఏది అసలు కదలదో విడదీసి చెప్పడమే ఈ పని, అది చేతనైనవాళ్ళు నిజంగా తక్కువమంది.

పెద్ద పెద్ద మోడళ్ళ జోలికి మాత్రం పోవద్దనండి. 40 హాస్పిటళ్ళ డేటాకి న్యూరల్ నెట్‌వర్క్ ఎందుకు, మామూలు రిగ్రెషన్ (ఖర్చు దేనితో ఎంత మారుతుందో ఒక లైను గీసి లెక్కగట్టే పద్ధతి) చాలు, వేరియబుల్స్, అంటే ఖర్చుతో ముడిపెట్టి చూసే అంశాలు, కూడా మూడు నాలుగు దాటొద్దు. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు బెడ్ల సంఖ్య, ఫ్లోర్ ఏరియా రెండూ ఒకే మోడల్లో పెట్టాడు, మోడల్ బెడ్ల పక్కన ఇచ్చిన అంకె మైనస్‌లో వచ్చింది, బెడ్లు పెంచితే ఖర్చు తగ్గుతుందని రిపోర్టులో రాసేశాడు కూడా! ఆ రెండూ కలిసే పెరుగుతాయి కదా, ఏ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలో మోడల్‌కి తెలీదు. ఏరియా ఉంచి, బెడ్డుకి ఎన్ని చదరపు మీటర్లు అన్నది రెండో వేరియబుల్‌గా పెట్టాక మనిషికి అర్థమయ్యే జవాబొచ్చింది.

ఇంకోటి, ఖర్చులకి లాగ్ (లాగరిథం, పెద్ద అంకెల మధ్య తేడాని కుదించే లెక్క) తీసుకోవడం మామూలే, లేకపోతే ఒకటి రెండు భారీ హాస్పిటళ్ళు మొత్తం లైనునే తమవైపు లాగేస్తాయి. ఏరియాకి కూడా లాగ్ తీసి కోఎఫిషియంట్ (మోడల్ ఏరియా పక్కన ఇచ్చే అంకె) 0.9 వస్తే, ఏరియా 10 శాతం పెరిగినప్పుడు ఖర్చు సుమారు 9 శాతం పెరుగుతుందని అర్థం. కానీ లాగ్ నుంచి తిరిగి డబ్బుల్లోకి మార్చేటప్పుడు ఊరికే ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే సాధారణంగా వచ్చేది సగటు కాదు, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యలో ఉండే విలువ), అది సగటు కంటే తక్కువ, దాన్ని నమ్మి బడ్జెట్ వేస్తే ఏడాది చివర్లో డబ్బు చాలదు. ఈ ఒక్క ముక్క ఇంటర్వ్యూలో తన మాటల్లో చెప్పగలిగితే ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్న ఆసక్తిగా వేస్తారు.

డేటా దొరకదని బెంగపడకండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్య సేవల సంస్థ వాళ్ళు ఎరిక్ (ERIC) అనే పేరుతో ప్రతి ఏడాది హాస్పిటళ్ళ ఏరియా, ఎనర్జీ, క్లీనింగ్, మెయింటెనెన్స్ లెక్కలు ఉచితంగా పెడతారు. అందులో బ్యాక్‌లాగ్ మెయింటెనెన్స్ (చేయాల్సి ఉన్నా ఇంకా చేయని మరమ్మతులు) అని విడిగా ఉంటుంది, దాన్ని వదలొద్దనండి. మెయింటెనెన్స్ ఖర్చు తక్కువ ఉన్న బిల్డింగ్‌ని చూసి బాగా నడుపుతున్నారు అనేస్తాం, తీరా చూస్తే కారే పైకప్పు, అరిగిపోయిన లిఫ్ట్ అన్నీ వచ్చే ఏడాదికి వాయిదా వేసి ఉంటారు. నాకు ఈ టాపిక్‌లో అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే, ఎందుకంటే ఆ వాయిదా చివరికి పడేది పేషెంట్ల మీదే.

ఉద్యోగాలంటారా, ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీలు, హాస్పిటల్ గ్రూపుల ప్లానింగ్ విభాగాలు, ఎనర్జీ ఆడిట్ చేసేవాళ్ళు, 25, 30 ఏళ్ళ నిర్వహణ కాంట్రాక్టులకి రేటు కట్టే కన్సల్టెన్సీలు, వీళ్ళందరికీ ఈ పని కావాలి. ఆర్ గానీ పైథాన్ గానీ, ఈ ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి వస్తే చాలు, ఎక్సెల్ మాత్రం బాగా రావాలి.

మోడల్ మొదలుపెట్టే ముందు ఒక హాస్పిటల్లో మెయింటెనెన్స్ ఇంజినీర్‌తో ఒక గంట కూర్చోమనండి, బిల్లుల ఫైల్ ముందు పెట్టుకుని. రెండు నెలలు తక్కువగా ఉండి మూడో నెల ఒక్కసారిగా మూడింతలైన బిల్లు కనపడితే అవుట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడిన అంకె) అని తీసేయకుండా ఆయన్నే అడగమనండి, చాలాసార్లు ఆ రెండు నెలలూ మీటర్ రీడింగ్ తీయకుండా అంచనా బిల్లు వేసి ఉంటారు.