డైట్ ఆపాక బరువు తిరిగి రాకుండా ఏ అలవాట్లు నిలుస్తాయి? విశాఖ నుంచి నా అనుభవం

మూడు నెలల డైట్‌తో మీరు తొమ్మిది కిలోలు తగ్గారని, దాన్ని ఆపిన ఏడాదిలోపే ఆ బరువంతా తిరిగి వచ్చిందని రాశారు. ఈసారి నిలిచే అలవాట్లు ఏవి, అవి కుదురుకోవడానికి ఎంతకాలం పడుతుంది అని అడిగారు. రక్తపరీక్షలో ప్రీడయాబెటిస్ (షుగరు వ్యాధికి ముందు దశ) అని తేలిన తరువాత నేను సుమారు రెండేళ్ళలో 11 కిలోలు తగ్గాను, ఆ బరువు ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను: బరువు తగ్గడం పూర్తయిన తరువాత కూడా సంతోషంగా కొనసాగించగలమని నమ్మకం ఉన్న పనినే అలవాటుగా ఎంచుకోవాలి. అలా కొనసాగించలేనిది ఎంత మంచిదైనా దాని జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ముందుగా, బరువు తిరిగి రావడానికి మీ మనోబలం చాలకపోవడమే కారణమని అనుకోకండి. బరువు తగ్గిన శరీరానికి మునుపటి కంటే తక్కువ శక్తి సరిపోతుంది. దానికి తోడు కడుపు నిండిన భావన కలిగించే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఆకలిని రేపే ఘ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అంటే డైట్ ముగిసిన రోజున మీ ఆకలి ఎక్కువగానూ, మీ అవసరం తక్కువగానూ ఉంటాయి. ఆ స్థితిలో పాత భోజనానికి తిరిగి వెళితే పాత బరువు రావడం సహజమే. అందుకే మార్చుకోవలసింది ఇంటి రోజువారీ వంట.

మా ఇంట్లో పెద్ద మార్పు కంచంలో వడ్డించే వరుసలో వచ్చింది. మనం ముందు అన్నం పెట్టుకుని, ఆ అన్నానికి సరిపడా కూర కలుపుకుంటాం. నేను దాన్ని తిరగేసి, సగం కంచం కూరగాయలతో నింపి, పప్పో గుడ్డో చేపో వేసుకుని, మిగిలిన చోటులో అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టాను. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు ఉంటాయి కాబట్టి ఒక గరిటె తగ్గినా లెక్క మారుతుంది, కానీ అన్నం మానేసిన బాధ ఉండదు. అత్తగారు మొదట్లో అన్నం చాలదేమోనని బెంగపడ్డారు కానీ, పప్పు చిక్కగా వండడం మొదలయ్యాక ఆ మాట ఎత్తలేదు. ఉదయం ఉప్మాకు బదులు తరచుగా పెసరట్టు, వేసవిలో మజ్జిగ కలిపిన చోడి (రాగి) అంబలి, వారంలో రెండుసార్లు కానాగంతల పులుసు చేస్తాను. చేప మంచిదే కానీ, దాన్ని నూనెలో ముంచి వేయిస్తే మనం ఆశించిన లాభంలో చాలా భాగం పోతుంది. కూరగాయలు ఎంవీపీ కాలనీ రైతుబజారులో వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకుని, ఆ రోజే చిక్కుళ్ళు, గోరుచిక్కుళ్ళు వలిచి పెట్టుకోవడం మరొక ముఖ్యమైన అలవాటు, ఎందుకంటే అలసిపోయి ఇల్లు చేరిన సాయంత్రం తరిగి ఉన్నదే వండుతాం.

నూనెను మూకుడు దగ్గర కొలవడం కంటే నెల సరుకుల చీటీ దగ్గర కొలవడం చాలా తేలిక. ఒక గ్రాము నూనెలో 9 కేలరీలు, అదే గ్రాము పిండిపదార్థంలోనో ప్రోటీన్‌లోనో 4 కేలరీలు ఉంటాయి. నెలకు ఒక లీటరు తక్కువ రాసుకుంటే ఇంటిల్లిపాదికీ తగ్గుతుంది, రోజూ చెంచాలతో తగువు ఉండదు. టీలో పంచదార కూడా అంతే: రెండేసి చెంచాలతో రోజుకు మూడు టీలు తాగితే దాదాపు 30 గ్రాములు అవుతుంది. నేను వారానికి అర చెంచా చొప్పున తగ్గించాను, నాలుక అలవాటు పడింది.

నడక విషయంలో విశాఖవాసులు అదృష్టవంతులు. తెల్లవారుజామున వాహనాలను అనుమతించని ఆర్.కె. బీచ్ రోడ్డు ఉంది, కైలాసగిరి ఉంది. అయినా వేసవి ఉక్కపోతలోనూ, వాయుగుండం పట్టిన వారంలోనూ బీచ్ నడక సాగదు, అలవాటు తెగేది సరిగ్గా అక్కడే. అందుకే నా అసలు నడకను సముద్రానికి కాక రాత్రి భోజనానికి ముడిపెట్టాను: కంచం కడిగిన వెంటనే పావుగంట నడక, వాన పడితే అపార్ట్‌మెంట్ వరండాలోనే. భోజనం తరువాత నడిస్తే రక్తంలో చక్కెర పెరుగుదల అదుపులో ఉంటుంది కాబట్టి నాకు అది రెండు విధాల పనికొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాన్ని సూచిస్తోంది. మన ఆడవాళ్ళు ఈ రెండోదాన్ని దాదాపుగా పట్టించుకోరు. గోడకు చేతులు ఆనించి చేసే దండీలు, గుంజీళ్ళు, మెట్లు ఎక్కడం చాలు. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు సుమారు 32 కిలోమీటర్లు నడిచే భక్తుల పట్టుదలను చూసినప్పుడల్లా, అందులో కొంచెమైనా ప్రతి రోజుకూ పంచుకుంటే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

ఎంతకాలం అన్న మీ రెండో ప్రశ్నకు, ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుకుంటుందన్న మాటను నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో ఒక పని ఆలోచించకుండానే జరిగే స్థితికి చేరడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషినీ పనినీ బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కలగలేదని కూడా వారు గమనించారు. పెళ్ళి భోజనం తరువాత మరునాడు ఉపవాసం ఉండవలసిన పని లేదు, మామూలు కంచానికి తిరిగి వస్తే చాలు.

నిద్రను కూడా లెక్కలో వేసుకోండి. మావారిది పోర్టులో షిఫ్టు ఉద్యోగం, నైట్ షిఫ్టు వారంలో ఆయన ఆకలి పెరగడం నేను స్పష్టంగా చూశాను. ఇంటి నుంచి వేయించిన శనగలు, జామకాయలు కట్టివ్వడం మొదలుపెట్టాక క్యాంటీన్ బజ్జీలు చాలావరకు తగ్గాయి.

మీరు షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, భోజనం తగ్గించే ముందు తప్పక డాక్టరుతో మాట్లాడండి, మోతాదు మార్చకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కారణం లేకుండా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి.

ఇక బరువు చూసుకోవడం. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారు ఉంటారు. వారిలో ఎక్కువమంది వారానికి కనీసం ఒకసారి బరువు చూసుకుంటారు. నేను ప్రతి ఆదివారం ఉదయం కాఫీకి ముందు చూసి క్యాలెండర్‌పై రాస్తాను. నెలకోసారి నడుము కూడా కొలుస్తాను, మన భారతీయులకు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది హద్దు. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గరపడినా ఒక కిలో అటూ ఇటూ కదులుతుంది, దానికి కంగారు పడకండి. వరుసగా మూడు ఆదివారాలు రెండు కిలోలు ఎక్కువ చూపిస్తే మాత్రం నేను కొత్త డైట్ వెతకను, సరుకుల చీటీ తీసి నూనె, పంచదార, బేకరీ తిండి ఎక్కడ పెరిగాయో చూసి, ఆ నెలకు అక్కడే కోత పెడతాను.