మూత్రంలో నైట్రోసమైన్ వెతికే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మూత్రంలో ఎన్‌డీఎంఏను (నైట్రోసోడైమిథైలమైన్; క్యాన్సర్ కలిగించగల నైట్రోసమైన్లలో ఒకటి) కొలిచే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. లీటరుకు నానోగ్రాముల లెక్కలో ఉండే పదార్థమిది కనుక, దొరికినది నమూనాలోనిదో, మన బల్ల మీద పుట్టినదో తేలేదాకా ఏ అంకెనూ నమ్మకమ్మా.

మూత్రంలో డైమిథైలమైన్ అనే అమైన్ ఎలాగూ ఉంటుంది. బ్యాక్టీరియా చేరితే నైట్రేటు కాస్తా నైట్రైటుగా మారుతుంది. ఆపైన ఆమ్లం తగిలితే ఆ రెండూ కలిసి సీసాలోనే ఎన్‌డీఎంఏ తయారవుతుంది. అందుకే సేకరించే సీసాలో ముందే కాస్త సోడియం హైడ్రాక్సైడ్ వేసి ఉంచి, నమూనాను వెంటనే గడ్డకట్టించు. కొన్ని నమూనాల్లో కావాలనే మార్ఫోలిన్ అనే మరో అమైన్ కలిపి చూడు; చివర్లో నైట్రోసోమార్ఫోలిన్ కనిపిస్తే, నీ పద్ధతే నైట్రోసమైన్లను పుట్టిస్తోందని అర్థం. అయితే అందులో ముందే నైట్రోసోమార్ఫోలిన్ ఉందేమోనని ఆ మార్ఫోలిన్ సీసాను ముందు విడిగా పరీక్షించాలి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఎన్‌డీఎంఏ-డీ6ను మొదట్లోనే కలిపితే మధ్యలో జరిగే నష్టాన్ని లెక్కలో సరిచేసుకోవచ్చు గానీ, కొత్తగా పుట్టినదాన్ని అది పట్టివ్వదు.

నా ఉద్యోగపు తొలినాళ్లలో ఖాళీ నమూనాలో (మూత్రం లేకుండా అదే పద్ధతిలో నడిపినదానిలో) ఎన్‌డీఎంఏ పీక్ (గ్రాఫులో పైకి లేచే శిఖరం) మూడు వారాలు వదల్లేదు. ద్రావణులు మార్చాను, గాజుసామానంతా మళ్లీ కడిగాను. చివరికి చూస్తే, డైక్లోరోమీథేన్ అనే ద్రావణిని తీసే పిపెట్‌కు తగిలించిన రబ్బరు బల్బు నుంచి వస్తోంది. రబ్బరు తొడుగులనూ, మూతలనూ ఆ గదిలోకి రానివ్వకు.

పరికరాన్ని కూడా అనుమానించాలి. కడుపులో ఆమ్లం తగ్గించే రానిటిడిన్ మందు మింగినవారి మూత్రంలో ఎన్‌డీఎంఏ 400 రెట్లకు పైగా పెరిగిందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ప్రకటించారు. నమూనాను వేడితో ఆవిరి చేసి విడదీసే గ్యాస్ క్రోమటోగ్రఫీలో ఆ వేడికి ఆ మందే విడిపోయి ఎన్‌డీఎంఏ ఇవ్వగలదని తెలిశాక, 2021లో ఆ పత్రం ఉపసంహరణకు గురైంది. అలాంటి మందు వాడేవారి నమూనాలకు లిక్విడ్ క్రోమటోగ్రఫీయే మేలు. అక్కడ మళ్లీ డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్) అనే ద్రావణితో చిక్కు ఉంది: ద్రవ్యరాశిని కొలిస్తే ఎన్‌డీఎంఏ అయాను 75.0553 దగ్గర, డీఎంఎఫ్‌లోని నైట్రోజన్-15 అయాను 75.0571 దగ్గర వస్తాయి. కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) మీద రెండూ విడిపోయేదాకా పద్ధతి సిద్ధమైందనుకోకు.

ద్రావణిని నైట్రోజన్ వాయువుతో ఆవిరి చేసేటప్పుడు పూర్తిగా ఎండనిస్తే ఎన్‌డీఎంఏ కూడా ఎగిరిపోతుంది. వెలుతురు పడితే విరిగిపోతుంది కనుక గోధుమరంగు సీసాలే వాడు. ఆ గుణమే ఒక పరీక్షకూ పనికొస్తుంది: మూత్రం నుంచి ద్రావణితో తీసిన సారాన్ని రెండు భాగాలు చేసి ఒకదాన్ని అతినీలలోహిత దీపం కింద ఉంచితే, నైట్రోసమైన్ పీక్ తగ్గిపోవాలి; తగ్గలేదంటే అది వేరే పదార్థం.

ముందుగా ఖాళీ నమూనాల క్రోమటోగ్రాములు నాకు పంపు. అవి చూశాక మూత్రం సంగతి మాట్లాడుకుందాం.

నీ మేనమామ