షాపు సిస్టమ్ పని మధ్యలో అప్‌డేట్ అడుగుతుంటే ఏం చేయాలి

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ: కర్నూల్లో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. విండోస్ 10 డెస్క్‌టాప్. కస్టమర్ పక్కన కూర్చుని ఫారం నింపిస్తుంటే రీస్టార్ట్ చేయమని బాక్సు వస్తోంది, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేసే దారి కావాలి.

శాశ్వతంగా మాత్రం ఆపొద్దన్నా. మీ సిస్టమ్‌లో ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, పాస్‌బుక్ స్కాన్లు ఉంటాయి. ఎవరెవరి పెన్‌డ్రైవులో వచ్చి దానికి తగులుతుంటాయి. ఇంట్లో సినిమాలు చూసే సిస్టమ్ కన్నా దీనికే అప్‌డేట్ ఎక్కువ అవసరం. అది ఎప్పుడు జరగాలన్నది మీ చేతిలోకి తెచ్చుకుంటే సరిపోతుంది.

షాపు సిస్టమ్‌లకే ఈ బాధ ఎక్కువ. రాత్రి షట్టర్ దించేముందు మెయిన్ ఆపేసి పోతారు. విండోస్ మనం వాడని వేళ చూసుకుని రీస్టార్ట్ కావాలనుకుంటుంది, కానీ ఆ వేళ సిస్టమ్‌కు కరెంటే ఉండదు. రీస్టార్ట్ పెండింగులో పడి, రోజులు గడిచి, గడువు దాటాక పగలే గట్టిగా అడగడం మొదలుపెడుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. అందుకే రోజూ ఆపి ఆన్ చేస్తున్నా రీస్టార్ట్ అడగడం మానదు. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ నొక్కితేనే లెక్క.

ముందు రెండు సెట్టింగులు సరిచేయండి. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్‌లోకి పోయి చేంజ్ యాక్టివ్ అవర్స్ తెరవండి. దానంతటదే సర్దుకునే ఆప్షన్ ఆపేసి ఉదయం 8 నుంచి రాత్రి 11 వరకు పెట్టండి. 18 గంటల దాకా ఇవ్వొచ్చు. ఆ సమయంలో దానంతటదే రీస్టార్ట్ కాదు. తర్వాత అదే పేజీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ అప్‌డేట్‌కు రీస్టార్ట్ కావాల్సి వస్తే వీలైనంత త్వరగా చేసేయమనే స్విచ్ ఒకటి ఉంటుంది. చెప్పకుండా రీస్టార్ట్ అవుతోందని నా దగ్గరకొచ్చే సిస్టమ్‌లలో చాలావాటికి ఇదే ఆన్‌లో ఉంటుంది. ఆపేయండి. దాని కింద రీస్టార్ట్ అవసరమైనప్పుడు నోటిఫికేషన్ చూపే స్విచ్ మాత్రం ఆన్‌లో ఉండనివ్వండి.

ఇప్పుడు టైం సంగతి. మైక్రోసాఫ్ట్ నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్‌ను రెండో మంగళవారం వదులుతుంది. విండోస్ 10కు మద్దతు ముగిసింది కాబట్టి ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) పథకంలో చేరినవాళ్లకే ఇది వస్తుంది, దాని సంగతి చివర్లో చెప్పాను. వాళ్ల ఉదయం పది మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి మీకు అది కనిపించేది బుధవారం పొద్దున షాపు తెరిచాకే. ఆ రోజు పాజ్ అప్‌డేట్స్ ఫర్ 7 డేస్ నొక్కేయండి. అప్‌డేట్‌లోనే లోపం ఉంటే చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. పాజ్ ముగిసేలోపు వచ్చే ఆదివారం సాయంత్రమో, మీకు గిరాకీ తక్కువుండే పూటో రెజ్యూమ్ నొక్కి ఎక్కించుకోండి. విండోస్ 10లో పాజ్ గరిష్ఠంగా 35 రోజులు. అది దాటితే పెండింగువి ఎక్కించేదాకా మళ్లీ పాజ్ ఇవ్వదు. ఉద్యోగ నోటిఫికేషన్లకు, అప్లికేషన్లకు ఆఖరి తేదీ దగ్గర్లో ఉంటే ముందే తేదీ చూసుకుని పాజ్ పెట్టుకోవచ్చు.

ఎక్కించే రోజు అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ నొక్కి ఇంటికి పోవద్దు. మిగిలిన సగం పని మర్నాడు ఆన్ చేసినప్పుడు జరుగుతుంది, బయట జనం నిలబడి ఉంటారు. అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ నొక్కి, డెస్క్‌టాప్ వచ్చేదాకా ఉండి, అప్పుడు ఆపండి. ఎస్ఎస్‌డీ ఉంటే ఇది త్వరగా అవుతుంది. పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ అయితే గంట దాటినా ఆశ్చర్యపోవద్దు. సీ డ్రైవులో 20 జీబీ దాకా ఖాళీ ఉంచండి. చోటు చాలకపోతే అప్‌డేట్ సగంలో ఆగి వెనక్కి తిరుగుతుంది, మళ్లీ అడుగుతుంది, మళ్లీ ఆగుతుంది. డిస్క్ క్లీనప్‌లో క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కు టిక్ పెడితే మంచి చోటే దొరుకుతుంది.

కరెంటు గురించి జాగ్రత్త. షాపుల్లో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ డెస్క్‌టాప్‌ను పది, పదిహేను నిమిషాలు నిలబెడుతుంది, బ్యాటరీ పాతదైతే అంత కూడా నిలవదు. అప్‌డేట్‌కు అది చాలదు. గాలివాన సూచన ఉన్న సాయంత్రం, మన దగ్గర ఎండాకాలంలో కోతలుండే వేళ మొదలుపెట్టొద్దు. శాతం దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తే సీపీయూ మీద హార్డ్ డిస్క్ లైటు చూడండి. అది మినుకుమంటున్నంతసేపు పని జరుగుతున్నట్టే, ముట్టుకోవద్దు. రెండు మూడు గంటలు లైటులో కదలికే లేకపోతే అప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపండి. తర్వాత విండోస్ తెరుచుకోకపోతే రెండు మూడు ప్రయత్నాలకు రిపేర్ స్క్రీన్ దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, అందులో లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసేయండి. ఫార్మాట్ కొట్టించే ముందు ఇది తప్పకుండా చేసి చూడండి, ఫైళ్లు పోవు.

ఫోన్ నెట్‌తో నడిపే రోజుల్లో డేటా అయిపోకుండా ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటా పరిమితి ఉన్నదిగా పెట్టుకోవాలి. ఇది ఒక్కో కనెక్షన్‌కు విడిగా ఉంటుంది. హాట్‌స్పాట్ అయితే వైఫైలో, కేబుల్ పెట్టి టెథరింగ్ చేస్తే ఈథర్‌నెట్ కింద పెట్టాలి.

సర్వీసెస్‌లోకి పోయి విండోస్ అప్‌డేట్‌ను డిసేబుల్ చేయమని వీడియోల్లో చెప్తుంటారు. కొన్నాళ్లకు అది మళ్లీ ఆన్ అవుతుంది. అప్‌డేట్ సర్వీసును బాగుచేయడానికే మెడిక్ అనే ఇంకో సర్వీసు విండోస్‌లో ఉంది. వీడియో కింద లింకులో ఇచ్చే అప్‌డేట్ బ్లాకర్లను జనం కాగితాలుండే సిస్టమ్‌లో ఎక్కించొద్దు. మీది విండోస్ ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్ తెరిచి 2వ ఆప్షన్ పెట్టండి. మీరు ఒప్పుకుంటేనే డౌన్‌లోడ్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌లో ఈ గ్రూప్ పాలసీ ఉండదు.

ఆ బాక్సు అసలు విండోస్‌దేనా అన్నది కూడా చూడండి. బ్రౌజర్ లోపల కనిపించే విండోస్ అప్‌డేట్ హెచ్చరిక ఏదైనా దొంగదే. ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అంటే మరీ దొంగది, ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తోనే ముగిసింది. ఫోన్ నంబర్ చూపించి కాల్ చేయమంటే అస్సలు చేయొద్దు. ఆల్ట్, ఎఫ్4 నొక్కి మూసేయండి. కింద మూలలో పదే పదే వస్తుంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లో తెలియని సైట్లన్నీ తీసేయండి. ఈపాటికే డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అప్‌డేట్ ప్రతిసారీ ఫెయిలై, పొద్దున్నే తేదీ కూడా తప్పుగా చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పైతే అప్‌డేట్ సర్వర్ సర్టిఫికెట్ చెల్లదు. నాణెమంత బ్యాటరీ, తక్కువ ధరకే దొరుకుతుంది. రాత్రిళ్లు మెయిన్ ఆపేసే సిస్టమ్‌లలో ఇది త్వరగా పోతుంది.

ఇక విండోస్ 11కు మారమని స్క్రీన్ నిండా వచ్చేది వేరు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతది, దాంతోపాటు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ సదుపాయం ఉంటేనే 11 సరిగా ఎక్కుతుంది. మీ స్కానర్, ఫింగర్‌ప్రింట్ డివైజ్, అను ఫాంట్లు 11లో పనిచేస్తాయో లేదో తేల్చుకునేదాకా అప్‌గ్రేడ్ నొక్కొద్దు. పొరపాటున ఎక్కినా పది రోజుల్లోపు రికవరీలో గో బ్యాక్ ఉంటుంది, ఆలోపు పాత విండోస్ ఫోల్డర్ చెరపొద్దు. 10లోనే ఉంటే ఈఎస్‌యూలో చేరండి. 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లకని ప్రకటించిన పథకం అది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టే పనిలేదు. వెర్షన్ మాత్రం 22హెచ్2 అయ్యుండాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ బాక్సులో winver అని కొట్టి మీకు ఏ వెర్షన్ చూపిస్తోందో, హోమా ప్రోనా ఇక్కడ రాయండి, పాతదైతే ముందు దాన్ని 22హెచ్2కు తెచ్చుకోవాలి.