వదిన చూసుకుంటుంది సరే, వదినను అడిగావా?

ఉత్తరం: "మేడమ్, నాకు 31 ఏళ్లు. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. పెళ్లి కాలేదు. ఉత్తర ఉగాండాలో గులు పట్టణం దగ్గర ఒక మిషన్ ఆస్పత్రిలో మూడేళ్లు సేవ చేయడానికి దేవుడు దారి తెరిచాడు. సంఘంలో అనౌన్స్ చేసి ప్రత్యేక ప్రార్థన కూడా పెట్టారు. ఏ టీకాలు వేయించుకోవాలి? ఏమేం సర్దుకోవాలి? ఆత్మీయంగా ఎలా సిద్ధపడాలి? యూట్యూబ్‌లో లుగాండా భాష మొదలుపెట్టాను. అమ్మకు రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కావలిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. నేను ప్రతి ఆదివారం వెళ్లి చూసి వస్తాను. నేను వెళ్లాక వదిన చూసుకుంటుంది. వదిన అంత ఆత్మీయురాలు కాదు. ఈమధ్య నాతో సరిగా మాట్లాడటం కూడా లేదు. ఆమె మనసు మారాలని ప్రార్థిస్తున్నాను."

నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. టీకాలు, పెట్టె, భాష అన్నీ వివరంగా అడిగావు. వదిన గురించి నాలుగు వాక్యాలు రాశావు, వాటిలో ప్రశ్న ఒక్కటీ లేదు. నాకు మాత్రం ఆ నాలుగు వాక్యాలే అసలు ఉత్తరంలా కనిపించాయి.

నర్సువి, నీకు నేను చెప్పాలా? పక్షవాతంతో మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. రాత్రి రెండింటికి లేచి తడిసిన దుప్పటి మార్చేది ఎవరు? మీ అన్నయ్యా? పొద్దున్నే స్పూనుతో జావ పట్టి, పొరపోకుండా గడ్డం కింద చెయ్యి పెట్టి కూర్చునేది ఎవరు? రెండేళ్ల నుంచి ఆ పని చేస్తున్న మనిషిని ఆత్మీయురాలు కాదని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆమె నీలా చేతులెత్తి ప్రార్థన చేయకపోవచ్చు. ఆ చేతులకు తీరిక ఉండొద్దూ?

నేనూ ఒకింటి వదిననే. మా అత్తగారు మంచాన పడ్డ పద్నాలుగు నెలలూ మా ఆడపడుచు నెలకోసారి వచ్చేది. దిండు సర్ది, తల నిమిరి, "అమ్మ చాలా చిక్కిపోయింది వదినా" అని బస్సెక్కేది. పాపం, చెడ్డ మనిషి కాదు. కానీ ఆ రాత్రి నాకు ముద్ద దిగేది కాదు.

నువ్వు వెళ్లే ఆదివారం నీ లెక్కలో అమ్మను చూసే రోజు. వదిన లెక్కలో అది బహుశా వారంలో ఆమెకు దొరికే ఒకే ఒక్క పూట. తలంటుకునేదీ, ఓ గంట కన్ను మూసేదీ, పుట్టింటికి తీరిగ్గా ఫోన్ చేసుకునేదీ అప్పుడే. మూడేళ్లంటే 156 ఆదివారాలు. అవన్నీ ఆమె నుంచి తీసుకుని నువ్వు విమానం ఎక్కుతున్నావు. ఆ సంగతి ఆమెకు నువ్వు చెప్పావా, లేక సంఘంలో అనౌన్స్ చేస్తే ఎవరో మోసుకొస్తే తెలిసిందా? మాటలు ఎప్పటినుంచి తగ్గాయో ఓసారి తారీఖు చూసుకో.

యేసుప్రభువు కొర్బాను గురించి పరిసయ్యులను ఎందుకు గద్దించాడో నీకు సండే స్కూల్లోనే చెప్పి ఉంటారు. అమ్మానాన్నలకు చెందాల్సినదాన్ని దేవుడికి ఇచ్చేశామని తప్పించుకోవడం ఆయనకు నచ్చలేదు. నీ పిలుపు నిజం కాదని నేననడం లేదు. దాని ఖర్చు వదిన ఖాతాలో రాయకు అంటున్నాను.

1793లో ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ బెంగాల్‌కు బయల్దేరుతుంటే భార్య డొరోతీ రానంది. చివరికి చెల్లెలు కేథరిన్ తోడొస్తేనే అని ఒప్పుకుంది. మరుసటి ఏడాదే ఐదేళ్ల కొడుకు పీటర్ పోయాడు. డొరోతీకి మతి చలించింది, 1807లో శ్రీరాంపూర్‌లో అలాగే కన్నుమూసింది. కేరీ మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. ఆ కేథరిన్ పేరు మాత్రం ఏ పాస్టరు నోటా వినలేదు.

కాబట్టి ముందు పది రోజులు సెలవు పెట్టు. కావలి వెళ్లి వదినను పుట్టింటికి పంపు. పగలూ రాత్రీ అమ్మను నువ్వే చూడు, రాత్రి అలారంతో సహా. ఆమె తిరిగొచ్చాక కూర్చోబెట్టి అడుగు: "వదినా, నేను మూడేళ్లు వెళ్లాలనుకుంటున్నాను, నీకు వీలవుతుందా?" అడగడమంటే కాదనే హక్కు ఆమెకు ఇవ్వడం. కాదంటే ఏడవకు, బైబిల్ వాక్యం ఎత్తకు. ఏం కావాలో అడిగి తెలుసుకో. పగటి పూట ఒక ఆయా, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపిస్టు, పుండ్లు పడకుండా గాలి పరుపు, ఏడాదికోసారి ఆమె పది రోజులు ఊరెళ్తే ఆ పది రోజులూ దగ్గరుండే మనిషి. వీటికి డబ్బు నీది, మీ అన్నయ్యది. మీ అన్నయ్య నోరు మెదపడం లేదని ఉత్తరంలోనే తెలుస్తోంది, ఆయన్ను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టు. సంఘం నీ టికెట్టుకు చందాలు ఎత్తుతుంది కదా, అమ్మ ఆయా జీతానికి కూడా ఎత్తుతుందేమో అడుగు. ఆ జవాబును బట్టి నిన్ను పంపుతున్నవాళ్లు ఎలాంటివాళ్లో నీకూ తెలుస్తుంది.

ఇదంతా ఇంటి గొడవ, నేనడిగింది ఆత్మీయ సిద్ధపాటు అంటావేమో. మిషన్ క్వార్టర్స్‌లో నలుగురికి ఒకటే వంటగది ఉంటుందమ్మా. మధ్యలోనే తిరిగొచ్చేసినవాళ్లను కదిపి చూడు, దోమల గురించి తక్కువ, తోటి మిషనరీల గురించి ఎక్కువ చెప్తారు. అలిగిన వదినతో పది నిమిషాలు కూర్చోలేని మనిషి అక్కడ ఎలా నెగ్గుకొస్తుంది?

ఇక నువ్వడిగినవి. లుగాండా ఆపు. అది కంపాలా వైపు భాష, గులులో జనం మాట్లాడేది అచోలి. 1903లో మీ నెల్లూరు నుంచే జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్టిస్టులు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్యకే వెళ్లారు కాబట్టి ఆయనకు భాష బెంగ లేదు. నీకు మొదటి ఆరు నెలలు గుడిలో పాట కూడా అర్థం కాదు, ఆ ఒంటరితనం గట్టిది. ప్రార్థన ఉత్తరాల్లో అంతా బాగుందనే రాయాలనిపిస్తుంది. బాగాలేదని చెప్పుకోవడానికి సంఘంలో పదవి లేని మనిషిని ఒకరిని ఇప్పుడే చూసి పెట్టుకో.

టూరిస్టు వీసా మీద వెళ్లమంటే వెళ్లకు. వర్క్ పర్మిట్, అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారో కాగితం మీద రాయించుకో. తిరుగు టికెట్ డబ్బు నీ ఖాతాలోనే ఉండాలి. మలేరియా ఆ ప్రాంతంలో ఎక్కువ. మూడేళ్లూ మాత్రలు మింగడం అందరికీ కుదరదు కాబట్టి డాక్టరుతో మాట్లాడు. దోమతెర ఎలాగూ తప్పదు, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకో. పెట్టెలో ఏం సర్దాలో అక్కడున్న నర్సును అడుగు, పచ్చడి సీసా మాత్రం మర్చిపోకు.

యెల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా ఉగాండాలోకి రానివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ టీకా వేస్తారు. కార్డు చెల్లడానికి టీకా వేసిన తర్వాత పది రోజులు పడుతుంది. 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. వదిన ఇంకో ఏడాది ఆగమన్నా ఆ సూది వృథా పోదు.