కాలనీలో ఐక్య ప్రార్థన: బల్ల దగ్గర గొడవ రాకుండా

బ్రదర్, వందనాలు. మీ గుంటూరు కాలనీలో లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కేథలిక్, పెంతెకొస్తు కుటుంబాలు కలిసి ప్రార్థన పెట్టుకుంటే పోయినసారి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) దగ్గర మాటలు పెరిగాయన్నారు. ఈసారి బల్ల వద్దు. ప్రొటెస్టంట్ సంఘాల బల్లలో సంస్కారం తీసుకోకూడదని కేథలిక్కుల నియమం. చాలా పెంతెకొస్తు సంఘాల్లో ముంపు బాప్తిస్మం (నీళ్లలో పూర్తిగా ముంచి ఇచ్చేది) ఉన్నవారికే బల్ల ఇస్తారు. ఇది మనసు కష్టపెట్టుకునే విషయం కాదు, ఎవరి విశ్వాసం వాళ్లది.

వాక్యానికి యోహాను 17:20-23 చదవండి. పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నుంచి తీసుకోండి, లూథరన్లకీ సీఎస్ఐ వాళ్లకీ నోటికి వచ్చినవే. మిగతావాళ్ల కోసం కాగితం మీద అచ్చువేయించండి. పరలోక ప్రార్థన కూడా అందులోనే ఉండాలి. కేథలిక్కుల మాటలు కొంచెం వేరు, పైగా వాళ్లు ‘కీడు నుంచి తప్పించుము’ దగ్గరే ఆపేస్తారు, మిగతావాళ్లు ‘రాజ్యము, బలము, మహిమ’ అని కొనసాగిస్తారు. సగం మంది ఆగిపోతే ఇబ్బందిగా ఉంటుంది, ముందే చెప్పేయండి.

స్వేచ్ఛా ప్రార్థనకు (ఎవరి సొంత మాటల్లో వాళ్లు చేసేది) ఒక్కొక్కరికి 3 నిమిషాలు. కానుక ఎటు వెళ్తుందో ముందే అందరూ ఒప్పుకోవాలి, డబ్బు దగ్గరే సగం ఐక్యతలు చెడతాయి. తేదీకి జనవరి 18-25 ఐక్యతా ప్రార్థన వారం బాగుంటుంది.