ట్రాక్టర్ ‘రీకాల్’ అంటే బండిని వెనక్కి తీసుకుంటారా?

సాధారణంగా తీసుకోరు. తయారీలోనో డిజైన్‌లోనో ప్రమాదకరమైన లోపం బయటపడినప్పుడు, కంపెనీ దాన్ని తన ఖర్చుతో సరిచేయడమే ఎక్కువ సందర్భాల్లో రీకాల్.

అమెరికాలో 2024 చివర్లో జరిగిన ఉదాహరణ చూడండి. జాన్ డీర్ చిన్న ట్రాక్టర్లలో 1023ఇ, 1025ఆర్, 2025ఆర్ మోడళ్లు సుమారు 1,48,000 రీకాల్ అయ్యాయి. లోపమున్నది బ్రేకు పెడల్‌కూ బ్రేకుకూ మధ్య ఉండే బెల్ క్రాంక్ అనే చిన్న భాగంలో. కాలితో తొక్కిన బలాన్ని దిశ మార్చి బ్రేకుకు అందించే మడత మీట అది. అది విరిగితే ఎంత తొక్కినా ఆ బలం బ్రేకుకు చేరదు. ముందు లోడరు నిండా మట్టితో వాలు దిగుతున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే వెంటనే వాడకం ఆపి, డీలరు దగ్గర ఉచితంగా మరమ్మతు చేయించుకోమన్నారు.

‘నిన్నటిదాకా బాగానే ఆగింది కదా’ అని దయచేసి నడపకండి. విరిగే ముందు లోహం చెప్పి విరగదు. డీలరు దగ్గరికి కూడా నడిపించుకుంటూ వెళ్లవద్దు, ట్రైలరు మీద తరలించండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కంపెనీ ఉత్తరం మొదటి యజమాని చిరునామాకే వెళ్లిపోవచ్చు. బండి పలక మీది సీరియల్ నంబరు డీలరుకు చెబితే, అది రీకాల్‌లో ఉందా, మరమ్మతు ఇప్పటికే జరిగిందా అన్నది చూసి చెబుతారు.